మునిగిన ఊళ్లో బొమ్మబండి

దెయ్యం కథలు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లుమంట. చెప్పేవాడు చూసి ఉండడు, వాడికి చెప్పినవాడూ చూసి ఉండడు, అయినా వినేవాళ్లు మాత్రం వణికిపోతుంటారు. షాహీదాబీ గురించి నేను చెప్పబోయేది అలాంటిది కాదు. పట్టపగలు, నా కళ్లెదుట, నేనే తాళం తీసిన హాల్లో జరిగింది. నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం.

నా పేరు నాగరత్నమ్మ. కోనవరిపల్లె బడిలో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. ఆ ఊరు ఇప్పుడు లేదు. రిజర్వాయరు నిండినప్పుడు నీళ్ల కిందికి పోయింది. ఊరివాళ్లందరికీ జమ్మలమడుగు బయట పునరావాస కాలనీ కట్టించారు. ఇళ్లన్నీ ఒకటే కొలత, ఒకటే రంగు. కొత్తలో పక్కింటి తలుపు తోసుకుని లోపలికి పోయి, నా వంటింట్లో ఈ సామాన్లు ఎవరు పెట్టారని గొడవకు దిగినదాన్ని నేనే. మా ఆయన వేదవ్యాస ఊళ్లో రామాలయం పూజారి. గుడి మునిగిపోయినా దేవుణ్ణి మాత్రం తెచ్చుకున్నాం. కాలనీలో ఒక చిన్న గదిలో ఆయన పూజ ఆయన చేసుకుంటున్నారు. నాకు కమ్యూనిటీ హాలు తాళంచెవి అప్పజెప్పారు. నోరున్నదాని చేతిలో ఉంటే హాలు పేకాటకు పోకుండా ఉంటుందని కాబోలు.

ఆ హాల్లోనే షాహీదాబీ పిల్లలకు కంప్యూటరూ, రోబోలూ నేర్పించేది. కాలనీ పిల్లలందరికీ ఆమె ఖాలా, అంటే పిన్ని.

ఆమె పుట్టిల్లు ప్రొద్దుటూరు. తండ్రి బంగారు నగలకు మెరుగు పెట్టేవాడు. మా ఊళ్లో ఆటో తోలే కలీంకు ఇచ్చి చేశారు. ఒక్కతే కూతురు, అల్ఫియా. పాపకు ఊహ తెలిసే వయసులో షాహీదా కువైట్ పోయింది, మా వైపు ఎంతమందో పోయినట్టే. అక్కడ ఒక ఇంట్లో ఇద్దరు పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే పని. ఆ పిల్లలకు ఒక సారు ఇంటికి వచ్చి కంప్యూటర్ చెప్పేవాడట. తెర మీద రంగురంగుల ముక్కల్ని ఒకదాని కింద ఒకటి పేర్చితే, ఆ వరుసలోనే బొమ్మ నడుస్తుంది, తిరుగుతుంది, ఆగుతుంది. తర్వాత చక్రాల బండి తెచ్చి, ఆ ముక్కలతోనే దాన్ని నేల మీద నడిపించాడట. పిల్లల్ని వదిలి కదలకూడదని యజమానురాలి ఆర్డరు. పిల్లలు ఆవులిస్తుంటే వెనక కూర్చున్న ఈమె నేర్చుకుంది. ఇంటికి పోయినాక నా కూతురికి నేర్పిస్తానని ఆ సారుతో అనేదట.

ఆ మాట నిలవలేదు. ఊరు దాదాపు ఖాళీ అయిన వానాకాలంలో అల్ఫియాకు జ్వరం తగిలింది. ప్రొద్దుటూరు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. షాహీదా పాస్‌పోర్టు యజమానుల దగ్గర ఉంది. రేపు మాపు అంటూ వాళ్లు పంపేసరికి పాపనే కాదు, ఊరినే చూసుకునే వీలు లేకుండా పోయింది. ఆ మరుసటి ఏడు కరోనాకు కలీం కూడా పోయాడు.

పోయిన పాపను ఖబ్రస్తాన్‌లో వాళ్ల నానమ్మ పక్కనే పెట్టామని కలీం ఫోన్లో చెప్పాడట. షాహీదాకు మిగిలింది ఆ ఒక్క మాటే. మా వైపు ముస్లింలలో ఆడవాళ్లు ఖబ్రస్తాన్‌లోకి పోయే ఆచారం లేదు. పోయినవాళ్లను తలుచుకునే షబే బరాత్‌కు మగవాళ్లే పోయి సమాధుల దగ్గర ఫాతెహా చదివి వస్తారు, ఆడవాళ్లు పూలు కట్టి పంపుతారు. మా కాలనీ మగవాళ్లు ఇప్పుడు రిజర్వాయరు ఒడ్డున నిలబడి, నీళ్లకేసి చూస్తూ చదువుతారు. షాహీదా ప్రతి ఏడూ సమాధి మీద కప్పే పూల చాదర్ అల్లి పంపేది, వాళ్లు నీళ్ల మీద వదిలేవాళ్లు. తిరిగి వచ్చిన ప్రతి మనిషినీ ఒకటే అడిగేది.

“ఏ పక్క వదిలినారు? ఖబ్రస్తాన్ యాడికొస్తాది?”

“అంతా నీళ్లే గదమ్మా. యాడని చెప్పేది?”

ఒకరు తూర్పు చూపించేవారు, ఒకరు గుట్ట చూపించేవారు. ఆమె ఏడ్చేది కాదు. అదే నాకు భయం. ఏడ్చేవాళ్లను ఓదార్చవచ్చు, అడిగేవాళ్లకు జవాబు కావాలి. కూతురు ఎక్కడుందో ఆమెకు తెలియాలి. ఇంకేమీ అక్కర్లేదు.

మొన్నటి ఎండాకాలం సెలవుల్లో హాలు కావాలని నా దగ్గరికి వచ్చింది. కువైట్ నుంచి తెచ్చుకున్న పాత లాప్‌టాపు, అరచేతిలో పట్టేంత చక్రాల బండ్లు రెండు తెచ్చి బల్ల మీద పెట్టింది. మోటార్లూ వైర్లూ ప్రొద్దుటూరు పోయి కొనుక్కొచ్చింది. ఎండకు ఊరు మీద పడి తిరిగే పిల్లలకు అదొక చలువపందిరి. నేనూ తాళం తీసి, ఇంటికి పోకుండా అక్కడే కూర్చునేదాన్ని. టీచర్లకు ఇంకొకరు పాఠం చెబుతుంటే తప్పులు పట్టడం అంత సుఖం ఇంకొకటి లేదు.

పట్టడానికి తప్పులు దొరకలేదు. మొదటిరోజు కంప్యూటర్ తెరవనే లేదు. “నేనే రోబోను. నన్ను నడిపిచ్చి ఆ చెంబులో నీళ్లు తాగిపిచ్చండి సూద్దాం” అంది. నయీం అనేవాడు లేచి “నడువు” అన్నాడు. నడిచింది. చెంబు దాటి పోయింది, గోడ తగిలినా కాళ్లు ఆడిస్తూనే ఉంది. పిల్లలు పడీ పడీ నవ్వారు.

“ఆగమని యాడ చెప్పినావు?” అంది గోడకు ముఖం పెట్టే. “మనుషులైతే సర్దుకుంటారు. యంత్రానికి సర్దుకునేది తెల్దు. చెప్పింది చేస్తాది. చెప్పంది చెయ్యదు. తప్పు పోయిందంటే తప్పు మన మాటలో ఉంటాది.”

కొన్నాళ్లకే పిల్లలు బండిని నల్లగీత వెంట నడిపించడం నేర్చుకున్నారు. బండి ముక్కు కింద చిన్న కళ్లుంటాయి. నేల మీద నల్ల టేపు అంటిస్తే, ఆ కళ్లు టేపును పట్టుకుని పోతాయి. ఎర్రరంగు కనబడితే ఆగాలి, ఆగి చిన్న పాట మోగించాలి. నాలుగు స్వరాలు, అంతే. ఇల్లు చేరినట్టు గుర్తు. ఎర్రరంగు కోసం సింధూ అనే పిల్ల వాళ్లమ్మ బొట్టుబిళ్లల అట్ట పట్టుకొచ్చింది. తిలకం సైజు పెద్ద బిళ్లలు.

అప్పుడు షాహీదా అంది: “ఉత్త గీతలు యాల? మన ఊరు గీద్దాం.”

పిల్లలకు ఊరు సరిగా గుర్తు లేదు. పెద్దవాళ్లను అడిగి వచ్చారు. రామాలయం సందు, పీర్ల చావిడి, మసీదు, బడి, మిషను కుట్టే మహబూబ్ బాషా ఇల్లు, మా ఇల్లు, చెరువుకట్ట, అవతల ఖబ్రస్తాన్. హాలు నేల నిండా నల్లటి టేపు వీధులు. ఇంటికొక బొట్టు.

కబురు తెలిసి ముసలివాళ్లు రావడం మొదలైంది. మొదట వచ్చింది మహబూబ్ బాషా. గుమ్మం దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. బండి తన వీధిలోకి తిరగ్గానే ముందుకు వంగాడు.

“ఏయ్ బండీ, మా ఇంటికాడ రొంత నిలువు” అన్నాడు. బండి బొట్టు దగ్గర ఆగి పాట మోగించింది. ఆయన చేతిరుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు ఇంకొంతమంది వచ్చారు. ఒకావిడ చెంబుతో నీళ్లు తెచ్చి తన ఇంటి బొట్టు పక్కన పెట్టింది, గడపలో నీళ్లుండాలని. గుడి సందు దగ్గర కొందరు చెప్పులు విడిచారు. ముందు నవ్వుకున్నాను. తర్వాత ఒకటి గమనించాను. హాల్లో ఆ చివరి నుంచి ఈ చివరికి రావాలంటే ఎవరూ అడ్డంగా నడవడం లేదు. టేపు వెంట వస్తున్నారు, మూల దగ్గర తిరుగుతున్నారు. లేని గోడను తప్పుకుంటున్నారు. ఇరుకు సందులో ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదిగి దారి ఇస్తున్నారు. చుట్టూ బోలెడంత ఖాళీ నేల. కిటికీ దగ్గరికి పోదామని లేచి, పీర్ల చావిడి చుట్టూ తిరిగి పోయాను నేను కూడా. నా మీద నాకే కోపం వచ్చింది.

ఆ మిట్టమధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయారు. హాల్లో నేను, షాహీదా, నయీం, సింధూ. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగాయి. బయట కాకి కూడా అరవడం లేదు.

“ఖబ్రస్తాన్ కాడికి పంపు నయీం” అంది షాహీదా. ఈ ఊరు ఎందుకు గీయించిందో నాకప్పుడు అర్థమైంది.

నయీం ముక్కలు పేర్చాడు. మసీదు నుంచి చెరువుకట్ట, కట్ట చివర ఎడమకు, ఖబ్రస్తాన్ గేటు దగ్గర బొట్టు. బండి బయలుదేరింది. కట్ట చివర టేపు ఎడమకు తిరిగింది. బండి తిరగలేదు. టేపు వదిలి, ఉత్త నేల మీద కుడివైపుకు నెమ్మదిగా పోయింది. కొంతదూరం పోయి ఆగింది. ఆగి, పాట మోగించింది.

“తప్పు పోయింది” అన్నాడు నయీం. మళ్లీ పంపాడు. మళ్లీ అక్కడికే పోయింది. అదే పాట.

అక్కడ ఊడిపడిన బొట్టు ఏదో ఉండాలి. నేనే మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో నేలంతా తడిమాను. ఏమీ లేదు. చీపురు తెచ్చి ఊడ్చాను, తడిగుడ్డ పెట్టాను. పంపితే మళ్లీ అక్కడే ఆగింది. కిటికీలోంచి ఎండ పడి బండి కళ్లు చెదురుతున్నాయేమోనని షాహీదా తలుపులన్నీ మూసింది. మసక చీకట్లో బండి చక్రాల చప్పుడు కట్ట చివరి దాకా పోయి, కాస్త తడబడి, కుడికి తిరిగింది. పాట మోగింది. సింధూ నా కొంగు పట్టుకుంది.

బ్యాటరీలు మార్చారు. రెండో బండి తెచ్చి, సింధూ చేత కొత్తగా ముక్కలు పేర్పించారు. అదీ అంతే. మిగతా ఏ ఇంటికి పంపినా బుద్ధిగా పోతుంది. ఖబ్రస్తాన్‌కు పంపితేనే ఈ తిక్క.

“నేలలో ఏముందో. ఊరినే తిప్పి పెట్టండి” అన్నాను. ఆ సాయంత్రం టేపంతా పీకి, కిటికీ వైపున్నది గుమ్మం వైపు వచ్చేలా మళ్లీ అంటించాం. నడుములు పడిపోయాయి. మర్నాడు పొద్దున్నే పంపాం. ఇప్పుడు కూడా పాత మూలకే పోతే నేల తప్పు, ఎండ తప్పు అనుకోవచ్చు. బండి ఆ మూలకు పోలేదు. గుమ్మం వైపు వచ్చింది. కట్ట చివర టేపు వదిలి కుడికి తిరిగి, నా కాళ్లకు బెత్తెడు దూరంలో ఆగింది. హాల్లో చోటు మారింది, ఊళ్లో చోటు మారలేదు.

పాట అయిపోయాక నయీం అడిగాడు. “ఆడ ఏముండాది టీచరమ్మా?”

“ఏమీ లేదు. అది ఊరి బయట. గుట్ట కింద మా మెట్ట చేను.”

“మీ చేనుకు యాల పోతాంది?”

“నన్నడిగితే? పోయి బండినడుగు” అని కసిరాను. ఆ చేను ముంపులోకి రాలేదు. పాత దారి నీళ్ల కింద పడ్డాక అటు పోయేవాళ్లు లేరు, గుట్ట వెనకగా చుట్టు తిరిగి పోవాలి. అక్కడ మాకొక చేను ఉందన్న సంగతే పిల్లలకు తెలియదు. టేపు అంటించిన వాళ్లెవరూ దాన్ని గుర్తు పెట్టలేదు.

కాలనీలో ఇలాంటి కబురు నిలుస్తుందా? నయీం తల్లి ఫర్హానా వచ్చి కొడుకును చెయ్యి పట్టి లాక్కుపోయింది. “ఆయమ్మి పోయిన బిడ్డను పిలుస్తాందంట. పిల్లోళ్లను పెట్టుకొని ఇట్లాంటివి చేస్తారా? హాలుకు తాళమెయ్యండి టీచరమ్మా” అంది. ఆమె వెనకే ఇంకా నలుగురు. నేను వెయ్యలేదు. వెయ్యమన్నవాళ్ల మీద అరిచాను. కానీ మర్నాటికి పిల్లలు రావడం మానేశారు, సింధూ ఒక్కతే కిటికీ బయట నిలబడి చూసి పోయేది.

షాహీదా మాత్రం పొద్దున వచ్చేది. బండిని పంపేది, అది ఆగిన చోట పక్కన కూర్చునేది. తెచ్చుకున్న సద్ది మూత కూడా తీసేది కాదు. కళ్ల కింద గుంటలు పడ్డాయి. నా జాలి కోపంగా బయటికి వచ్చింది.

“యంత్రానికి చెప్పిందే చేస్తుందని పిల్లలకు చెప్పింది నువ్వే కదా. నీకే తలకెక్కకపోతే ఎట్లా?”

“నేనే చెప్పినా” అంది, తల ఎత్తకుండా. “చెప్పింది చేస్తాది, చెప్పంది చెయ్యదు. నేను చెప్పలేదు. నయీం చెప్పలేదు. సింధూ చెప్పలేదు. మరి ఇది ఎవురు చెప్పినట్టు చేస్తాంది టీచరమ్మా?”

గుమ్మం దాకా వెనక్కి చూడకుండా నడవాలని నడిచాను. వెనక బండి మళ్లీ బయలుదేరిన చప్పుడు వినబడింది.

మధ్యాహ్నం మా ఆయనకు అన్నం వడ్డిస్తూ అంతా చెప్పాను. గుడి, ఇల్లు తప్ప ఇంకో లోకం లేని మనిషి. హాలు వైపే రాలేదు. నేను తిట్టినా పొగిడినా తల ఊపి తినేస్తారు. బండి మన మెట్ట చేను దగ్గర ఆగుతోందని అన్నాను. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

“చేనులో యాడ?” అన్నారు.

“అదేం ప్రశ్న? పడమటి గట్టు దగ్గర అనుకోండి. ఏం?”

ఆయన కంచంలో నీళ్లు పోసి లేచారు. సగం అన్నం అలాగే ఉంది. “పద, నేను చూడాల” అన్నారు.

ఆ ఎండలో ఇద్దరం హాలుకు పోయాం. షాహీదా లేచి నిలబడి కొంగు సర్దుకుంది. “ఒకసారి పంపమ్మా” అన్నారు ఆయన. బండి మసీదు దగ్గర కదిలింది. కట్ట వెంట వచ్చింది. చివర టేపు వదిలేసింది. ఆయన పెదవులు కదులుతున్నాయి, మంత్రమో ఏమో వినబడలేదు. బండి ఆగి, నాలుగు స్వరాలు మోగించింది. ఆయన బండి ముందు నేల మీద కూర్చున్నారు.

“షాహీదా, పాప నీళ్ల కింద లేదమ్మా” అన్నారు.

ఆమె ఆయన వైపు తిరిగింది. “ఏమంటాండారు సామీ?”

“ఆ పొద్దు ఖబ్రస్తాన్‌లో యాడ తవ్వినా నీళ్లు ఊరినాయి. గఫూరు ఒకచోట తవ్వినాడు, ఇంకోచోట తవ్వినాడు. మోకాలి లోతు పోకముందే నీళ్లే. నా బిడ్డను నీళ్లలో పెట్టనని కలీం బురదలో కూర్చున్నాడు, ఒళ్లో పాపను పెట్టుకొని. ఊళ్లో మనుషుల్లేరు. నేను గుడికాడ ఆఖరి పూజకు నిలబడినా. మా మెట్ట చేను ఎత్తులో ఉండాది, ఆడ పెట్టుకోండి అని నేనే చెప్పినా. ముగ్గురం వానలో ఎత్తుకొని పోయినాం.”

గఫూర్ మా ఊళ్లో సమాధులు తవ్వే మనిషి. ఊరు ఖాళీ అయ్యాక పులివెందులలో కూతురి దగ్గరికి పోయి, అరటితోటల్లో పని చేసుకుంటున్నాడు.

“మరి నానమ్మ పక్కన అని చెప్పినాడే ఆయన” అంది షాహీదా. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

“పరాయోళ్ల చేలో ఒంటిగా పెట్టినామంటే ఆ దేశంలో నువ్వేం చేసుకుంటావో అని భయపడినాడు. ఫోన్లో అట్ల చెప్పేసి, మా ఇద్దరి దగ్గర మాట తీసుకున్నాడు. నువ్వొచ్చినాక తానే చెప్తానన్నాడు. నువ్వొచ్చినావు, ఈ పొద్దు రేపు అన్నాడు, పోయినాడు. ఆ తర్వాత చెప్పేదానికి నాకు నోరు రాలేదమ్మా.”

నాకు ఒళ్లంతా మంటెత్తింది. ఆ రోజు సామాన్లతో నేను ముందే కాలనీకి వచ్చేశాను. ఈయన వానలో తడిసి, బురద కాళ్లతో వచ్చి, తలమీద నీళ్లు పోసుకుని అన్నం వద్దని పడుకున్నారు. గుడి వదిలి వచ్చిన బాధ అనుకుని నేను కాళ్లు పట్టాను. అబద్ధమంటే మండిపడే నేను ఇన్నేళ్లు ఈ మౌనానికి వండిపెట్టాను. “ఆ పూలు నీళ్ల పాలవుతుంటే ఎట్లా చూశారండీ?” అని అరిచాను. ఆయన నా వైపు చూడలేదు. ఆయన చూడవలసింది నన్ను కాదు.

షాహీదా అడిగింది. “లోపలికి ఎవురు దించినారు?”

“కలీంకు చేతులాడలేదు. గఫూరు లోపల నిలబడినాడు. నేను అందిచ్చినా.”

ఆమె ఆయన చేతులకేసి చూస్తూ ఉండిపోయింది.

కబురు పెడితే గఫూర్ పులివెందుల నుంచి మొదటి బస్సుకే వచ్చాడు. మనిషి వంగిపోయాడు. చోటు అతనికే గుర్తుంటుంది, రాళ్లు పేర్చి గుర్తు పెట్టింది అతనే. నలుగురం ఆటోలో గుట్ట వెనకగా తిరిగి పోయాం. ఎండ నెత్తికెక్కలేదు గానీ గాలి ఆడటం లేదు. చేను బీడు పడి, తంగేడు, కంప మొలిచి ఉంది. దిగువన, రాళ్లవాలు కింద, రిజర్వాయరు నీళ్లు చప్పుడు లేకుండా మెరుస్తున్నాయి. మా ఊరు ఆ కిందే ఎక్కడో ఉంది. నాకు అటు చూడబుద్ధి కాలేదు.

గట్టు దగ్గర గఫూర్ చెయ్యి అడ్డం పెట్టాడు. “నువ్వు ఈన్నే నిలబడమ్మా. నేను పోయి ఫాతెహా చదివొస్తా. ఖబర్ కాడికి ఆడోళ్లు రాకూడదు గదా.”

“ఇది ఖబ్రస్తాన్ గాదు గదా మామా” అంది షాహీదా. “చేను. చేలోకి ఆడోళ్లు పోకూడదని యాడుంది?”

గఫూర్ మా ఆయన వైపు చూశాడు. చేను గలాయన తల వంచుకుని పక్కకు తప్పుకున్నారు. పాపను అందరూ అనుకున్నట్టు నానమ్మ పక్కన, ఆ గోడ లోపల పెట్టి ఉంటే, ఊరు మునగకపోయినా ఈ తల్లి ఆ గేటు బయటే నిలబడేది. నాకు ఆ ఉదయం గట్టు మీద ఏడుపు ఆగలేదు.

గఫూర్ ముందుకు పోయి వెతకడం మొదలుపెట్టాడు. మేకలు తొక్కి రాళ్లు చెదిరిపోయినట్టున్నాయి. కంప పక్కకు తోసి చూస్తున్నాడు, మళ్లీ వెనక్కి వస్తున్నాడు. “ఈడ రాళ్లుండాలనే” అని తనలో తాను గొణుక్కుంటున్నాడు.

షాహీదా చెప్పులు గట్టు మీద విడిచింది. అతన్ని దాటుకుని, ఎవరినీ అడగకుండా, ముళ్లల్లోంచి తిన్నగా పడమటి వైపు నడిచింది. ఒక తంగేడు మొక్క పక్కన ఆగి, కూర్చుని, అరచెయ్యి మట్టి మీద ఆనించింది.

గఫూర్ వంగిన మనిషి వంగినట్టే నిలిచిపోయాడు. “నేనింకా చెప్పనే లేదే” అన్నాడు మెల్లగా, మా ఆయనతో.

“తల యా పక్క ఉండాది మామా?” అని అడిగింది షాహీదా, వెనక్కి తిరగకుండా.

గఫూర్ దగ్గరికి పోయాడు. మట్టి చూశాడు, నీళ్లు చూశాడు, పడమటి దిక్కు చూసుకున్నాడు.

“నువ్వు చెయ్యి పెట్టినావే, ఆన్నేనమ్మా.”

ఆమె చెయ్యి తియ్యలేదు.